పాత హార్డ్‌డిస్క్ తుడిచే ముందు చూసుకోవాల్సినవి

ప్రశ్న: మా కంప్యూటర్‌కు కొత్తగా 500 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించి, అందులో విండోస్ 11 ఎక్కించాం. పాత 1 టీబీ హార్డ్‌డిస్క్ లోపలే ఉంది. దాన్ని ఖాళీ చేసి ఫొటోలు దాచుకోవాలని ఉంది. అందులో రెండు చిన్న పార్టిషన్లకు మాత్రం 'డిలీట్ వాల్యూమ్' పనిచేయడం లేదు. ఎలా తీసేయాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అవి పాత విండోస్ చేసుకున్న ఈఎఫ్‌ఐ (కంప్యూటర్ లేవడానికి కావాల్సిన బూట్ ఫైళ్లు ఉండేది), రికవరీ (విండోస్‌ను బాగుచేసే టూల్స్ ఉండేది) పార్టిషన్లు. డిస్క్ మేనేజ్‌మెంట్ వాటిని తీయనివ్వదు, డిస్క్‌పార్ట్ (అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ పేరు కొట్టి నడిపే విండోస్ టూల్) తీస్తుంది. కానీ తొందరపడకండి. కొత్త విండోస్ ఎక్కించేటప్పుడు పాత డిస్క్ కేబుల్ ఊడదీయకపోతే, బూట్ ఫైళ్లు ఆ పాత ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోకే వెళ్లి ఉండవచ్చు. అలాంటప్పుడు దాన్ని చెరిపితే కొత్త విండోస్ కూడా లేవదు.

తేల్చుకోవడం తేలికే. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, పాత డిస్క్ సాటా కేబుల్ ఊడదీసి ఆన్ చేయండి. విండోస్ మామూలుగా వస్తే ఇబ్బంది లేదు. రాకపోతే కేబుల్ మళ్లీ పెట్టి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ను 300 ఎంబీ ష్రింక్ చేయండి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, డిస్క్‌పార్ట్‌లో ఎస్‌ఎస్‌డీని సెలెక్ట్ చేసి (ఎలాగో కింద ఉంది) వరుసగా ఇవి కొట్టండి (అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే): 'క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్‌ఐ సైజ్=260', 'ఫార్మాట్ క్విక్ ఎఫ్‌ఎస్=ఫ్యాట్32', 'అసైన్ లెటర్=జెడ్', 'ఎగ్జిట్'. ఆ తర్వాత 'బీసీడీబూట్ సీ:\విండోస్ /ఎస్ జెడ్: /ఎఫ్ యూఈఎఫ్‌ఐ'. పాత డిస్క్ తీసేసి మళ్లీ ఆన్ చేసి చూడండి. అవసరమైతే బయోస్ (మదర్‌బోర్డు సెట్టింగ్స్) బూట్ వరుసలో ఎస్‌ఎస్‌డీని ముందుకు తెచ్చుకోండి. అది ఒంటరిగా లేచాకే పాతదాని మీద చెయ్యి వేయాలి.

ఇక చెరపడం. కంప్యూటర్ ఆపి, పాత డిస్క్ కేబుల్ మళ్లీ పెట్టి ఆన్ చేయండి. డిస్క్‌పార్ట్‌లో 'లిస్ట్ డిస్క్' కొట్టండి. 1 టీబీ డిస్క్ అక్కడ 931 జీబీగా, 500 జీబీది 465గా కనిపిస్తాయి. పాతదాని నంబరు 1 అయితే 'సెలెక్ట్ డిస్క్ 1', ఆపైన 'డీటైల్ డిస్క్' కొట్టి మోడల్ పేరు సరిచూసుకోండి. ఇక్కడ నంబరు తప్పితే వేరే డిస్క్ చెరిగిపోతుంది, మామూలుగా వెనక్కి తెచ్చుకోలేం. తర్వాత 'క్లీన్', 'కన్వర్ట్ జీపీటీ', 'క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ', 'ఫార్మాట్ ఎఫ్‌ఎస్=ఎన్‌టీఎఫ్‌ఎస్ క్విక్', 'అసైన్'. ఐదు నిమిషాల పని.

డీ, ఈ, ఎఫ్ అంటూ ముక్కలు చేయించుకునే అలవాటు మనవాళ్లకు ఉంది. ఫొటోలకు ఒక్క పార్టిషన్ చాలు. డిస్క్ చెడితే ముక్కలన్నీ కలిసే పోతాయి, విడదీయడం వల్ల రక్షణేమీ రాదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో (డిస్క్ ఆరోగ్యం చూపే సాఫ్ట్‌వేర్) 'రీఅలొకేటెడ్', 'కరెంట్ పెండింగ్' సెక్టార్ల (పాడైన, పాడవుతున్న చోట్ల) అంకె సున్నా కాకుండా పెరుగుతూ ఉంటే ఆ డిస్క్‌ను నమ్మవద్దు. బాగున్నా సరే, మీ ఫొటోలకు అదొక్కటే కాపీ కాకూడదు.

ప్రశ్న: పాత డిస్క్ అమ్మేస్తున్నాను. ఫార్మాట్ చేసి ఇస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: క్విక్ ఫార్మాట్ చాలదు, పైన చెప్పిన 'క్లీన్' కూడా చాలదు. అవి పార్టిషన్ల, ఫైళ్ల పట్టికనే మారుస్తాయి. ఫైళ్లు డిస్క్ మీదే ఉంటాయి, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో బయటికొస్తాయి. ఆధార్, బ్యాంకు కాగితాలు స్కాన్ చేసి దాచుకునే మనం ఈ మాట గట్టిగా పట్టించుకోవాలి. పైన చెప్పినట్టే డిస్క్‌పార్ట్‌లో డిస్క్ సెలెక్ట్ చేసి 'క్లీన్ ఆల్' వాడండి. ప్రతి సెక్టార్‌లోనూ సున్నాలు రాస్తుంది. సెకనుకు 100 ఎంబీ వేగంతో 1 టీబీకి దాదాపు 3 గంటలు పడుతుంది, పాత డిస్క్‌కు ఇంకా ఎక్కువ. ఒక్కసారి చాలు. మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగిపోతే ఆ డిస్క్ అమ్మవద్దు. లోపలి పళ్లేలకు డ్రిల్లుతో రంధ్రాలు వేసి ఈ-వేస్ట్‌కు ఇవ్వండి.

ఎస్‌ఎస్‌డీకి ఈ పద్ధతి వద్దు. దాని కంట్రోలర్ డేటాను చోట్లు మార్చి రాస్తుంది కాబట్టి, మనకు కనిపించని సెల్స్‌లో పాతవి మిగిలిపోవచ్చు. తయారీ కంపెనీ టూల్‌లోనో బయోస్‌లోనో ఉండే 'సెక్యూర్ ఎరేజ్' వాడండి.