పన్ను 10 తగ్గితే ధర 10 శాతం తగ్గాలి కదా?

ప్రశ్న: 43 అంగుళాల టీవీ అన్నీ కలిపి 38,400 రూపాయలు ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గించారు. అంటే 3,840 తగ్గాలి. షాపులో 3,000 మాత్రమే తగ్గించి 35,400 అంటున్నారు. మిగతా 840 వాళ్లే ఉంచుకున్నారా?

జవాబు: లేదండీ, షాపువాళ్ల లెక్క సరిగ్గానే ఉంది. మీరు 10 శాతం లెక్క కట్టింది పన్ను కలిసిన ధర మీద. 38,400ను 1.28తో భాగించండి. పన్ను లేని ధర 30,000 వస్తుంది. దాని మీద 28 శాతమంటే 8,400, 18 శాతమంటే 5,400. తేడా 3,000.

ఇక ధర ఎంత శాతం తగ్గిందంటారా, తేడాను పాత ధరతో భాగించి 100తో హెచ్చించాలి. 3,000 ÷ 38,400 × 100 = 7.81 శాతం. పన్ను రేటు తగ్గింది 10 పాయింట్లు (28 నుంచి 18కి), మీరు కట్టే ధర తగ్గింది 7.81 శాతం. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం దగ్గరే చాలామంది పొరబడతారు.

ఇంకో పొరపాటు, కొత్త ధరతో భాగించడం. అప్పుడు 8.47 వస్తుంది. తప్పని తేల్చుకోవడం తేలికే: 38,400లోంచి 8.47 శాతం తీసేస్తే 35,148 దగ్గర ఆగుతుంది, 35,400 రాదు. ఎక్కడి నుంచి తగ్గిందో ఆ అంకెతోనే భాగించాలి.

అన్నట్టు, 32 అంగుళాలు, అంతకన్నా చిన్న టీవీల మీద ముందు నుంచీ 18 శాతమే. వాటికి ఈ తగ్గింపు వర్తించదు.

ప్రశ్న: 20 శాతం తేమ ఉన్న వడ్లు క్వింటాలు ఆరబోసి 17 శాతానికి తెస్తే మూడు కిలోలు తగ్గుతాయా?

జవాబు: కొంచెం ఎక్కువే తగ్గుతాయి. కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాటకూడదు కాబట్టి ఈ లెక్క రైతుకు తప్పనిసరి. క్వింటాలులో నీరు 20 కిలోలు, పొడి గింజ 80 కిలోలు. ఎండకు పోయేది నీరే, ఆ 80 కిలోలు మారవు. 17 శాతం తేమ దగ్గర 80 కిలోలన్నది మొత్తంలో 83 శాతం. 80 ÷ 0.83 = 96.4. అంటే తూకంలో 3.6 కిలోలు తగ్గుతాయి. తేమ శాతం ఆరిన తర్వాతి బరువు మీద లెక్క కట్టేది, ఆ బరువే తగ్గిపోయింది కనుక మూడు దగ్గర ఆగదు. బస్తాలు ఎన్ని కావాలో, రవాణా ఎంతవుతుందో ఆరిన బరువు మీదే లెక్కేసుకోండి.