కొత్త టీచర్ చేరకముందే నువ్వు చేయాల్సినవి

తమ్ముడూ,

మీ బడికి వస్తున్న లెక్కల టీచర్ ట్రాన్స్ మహిళ (పుట్టినప్పుడు మగబిడ్డ అని రాసినా, మహిళగా బతుకుతున్న మనిషి) అని, ఎవరికి ఏం చెప్పాలో తోచక టెన్షన్‌గా ఉందని రాశావు. ఉంటుంది. కానీ ఆ బరువు ఆమె మీద పెట్టకు. నలుగురినీ ఒప్పించే పని హెడ్మాస్టర్‌గా నీది. ఆమె పని లెక్కలు చెప్పడం.

ఉద్యోగం ఇస్తే చాలు, మిగతాది ఆమే చూసుకుంటుందని చాలామంది అనుకుంటారు. పశ్చిమ బెంగాల్‌లో మానబి బందోపాధ్యాయ అనే ట్రాన్స్ మహిళ 2015లో కృష్ణానగర్ మహిళా కళాశాల ప్రిన్సిపాల్ అయినప్పుడు పత్రికలన్నీ గొప్పగా రాశాయి. 2016 చివరికల్లా, తోటివాళ్లు సహకరించడం లేదంటూ ఆమె రాజీనామా లేఖ ఇచ్చారు. ప్రిన్సిపాల్‌కే ఆ గతి పడితే కొత్త టీచర్ సంగతి ఆలోచించు.

అందుకే ముందుగా ఆమెతో కూర్చుని మాట్లాడు. స్టాఫ్‌కి చెప్పాలా వద్దా, చెబితే ఎంతవరకు అని ఆమెనే అడుగు. వద్దంటే నీ నోట ఆ మాట రాకూడదు. పాత సర్టిఫికెట్ల మీద వేరే పేరు ఉండొచ్చు. ఆ ఫైలు ఆఫీసు బల్ల మీద ఉంటే సాయంత్రానికి బడంతా తెలిసిపోతుంది, నీ బీరువాలో పెట్టి తాళం వెయ్యి. హాజరు పట్టీలో, టైమ్‌టేబుల్లో ఇప్పటి పేరు ఆమె చేరే రోజుకే ఉండాలి. లేడీ టీచర్ల టాయిలెట్టే ఆమెదీ. ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే వాళ్లకి వేరే ఏర్పాటు చూడు, ఆమెను మాత్రం పంపకు.

ఆమె సరేనంటే స్టాఫ్ మీటింగ్‌లో రెండు నిమిషాల్లో చెప్పెయ్యి. ఆపరేషన్ గురించి, ఇంటివాళ్ల గురించి ఎవరూ అడగకూడదని గట్టిగా చెప్పు. స్టాఫ్ రూమ్‌లో నాకు అన్నిటికంటే భయం వేసేది జాలి. పైకి తిట్టేవాళ్లని ఆపగలం. ‘పాపం’ అంటూ రోజూ చుట్టూ చేరేవాళ్ల మధ్య మనిషి మామూలుగా పని చేసుకోలేదు.

తల్లిదండ్రులకి ప్రత్యేకంగా సర్క్యులర్ పంపకు. మిగతా టీచర్ల గురించి ఎప్పుడైనా పంపావా? ఎవరైనా వస్తే ఒక్కొక్కరితో విడిగా, నీ గదిలో మాట్లాడు. గుంపుగా మాట్లాడితే ఒకరి భయం ఇంకొకరికి అంటుకుంటుంది. పాఠం ఎలా చెబుతోంది, నోట్సు దిద్దుతోందా అని అడిగి మాటను చదువు మీదకి తీసుకురా. పిల్లని వేరే సెక్షన్‌కి మార్చమంటే మాత్రం ఒప్పుకోకు. ఒకరికి మార్చావంటే, వారం తిరిగేలోగా ఆ క్లాసు సగం ఖాళీ అవుతుంది.

యాజమాన్యం వెనక్కి తగ్గేలా ఉంటే చట్టం చూపించు. 2014లో నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వేసిన కేసులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల హక్కులను గుర్తించింది. ట్రాన్స్‌జెండర్ల హక్కుల రక్షణకు వచ్చిన 2019 చట్టం ఉద్యోగంలో వివక్షను నిషేధించింది, ప్రతి సంస్థలో ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలంది. మీ బడిలో ఎవరున్నారు? లేకపోతే ఈ వారమే నియమించు. ప్రైవేటు బడుల్లో ఉద్యోగం పోగొట్టుకున్న ట్రాన్స్ మహిళా టీచర్ జేన్ కౌశిక్‌కి పరిహారం ఇవ్వాలని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టాన్ని అమలు చేయని ప్రభుత్వాలనూ తప్పుపట్టింది.

పిల్లల గురించి నువ్వు పడుతున్నంత భయం అక్కర్లేదు. సూటిగా ఒక ప్రశ్న అడుగుతారు, జవాబు దొరికితే ఆటకి పోతారు. ఏం చెప్పాలో ఆమె ఇష్టం. వెక్కిరింపు మాట వినిపిస్తే మాత్రం కులం పేరుతో తిట్టినప్పుడు ఎంత గట్టిగా ఉంటావో అంత గట్టిగా ఉండు, అదే రోజు.

ఇంకొక్కటి. అవగాహన సభ అనగానే ఆమెను స్టేజీ ఎక్కించకు. తమ గురించి ఎవరికీ చెప్పుకోలేని పిల్లలు మీ బడిలో కూడా ఉండొచ్చు. వాళ్లకి ఉపన్యాసం కంటే, ఆ టీచర్ రోజూ వచ్చి బోర్డు మీద లెక్క చేసి వెళ్లడం, అందరూ ఆమెను మేడమ్ అని పిలవడం ఎక్కువ ధైర్యం ఇస్తుంది. ఏ పిల్లైనా తనంతట తాను ఆమె దగ్గరికి వస్తే వినడానికి ఆమె ఉంటుంది. కానీ కౌన్సెలర్ పని కూడా ఆమె నెత్తిన వెయ్యొద్దు.

క్లాస్ టీచర్ బాధ్యత మొదటి ఏడాదే ఇవ్వు. పదో తరగతి లెక్కలు ఆమెకి వచ్చే పనైతే, సీనియారిటీ పేరు చెప్పి ఆపకు. నెల తర్వాత ఎలా ఉందో ఆమెను అడిగి నాకు రాయి.

మీ అక్క