టెక్ సందేహాలు: బండి కింద ప్లేట్ వేయించే ముందు

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఆఫ్‌రోడ్ బండ్ల అడుగు భాగం గురించే, అంటే రాళ్ల దెబ్బ తగలకుండా కింద బిగించే స్కిడ్ ప్లేట్ గురించే. అందుకే ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల సంగతి వచ్చే వారానికి వాయిదా వేసి, వీటికి ఒకేచోట జవాబులిస్తున్నాను.

సర్, మారుతి జిమ్నీ తీసుకున్నాను. అప్పుడప్పుడు ఆదివారం పూట ఫ్రెండ్స్‌తో కలిసి వికారాబాద్ వైపు రాళ్ల దారుల్లో తిరుగుతున్నాం. పోయినసారి బండి మధ్యలో ఎక్కడో గట్టిగా టక్కుమని తగిలింది. గ్రూపులో ఒకాయన ముందు నుంచి వెనక దాకా 3 ఎంఎం స్టీల్ ప్లేట్లు వేయించమంటున్నాడు. ఇంకొకరు అల్యూమినియమే బెస్టంటున్నారు. ఆటోనగర్‌లో అయితే చవకగా వెల్డింగ్ చేసి ఇస్తామంటున్నారు. ఏం చేయమంటారు?
– సంగారెడ్డి నుంచి ఒక పాఠకుడు

ఏదీ కొనకముందు బండిని సర్వీస్ షెడ్డులో లిఫ్ట్ ఎక్కించి, టార్చ్ పట్టుకుని కింద నిలబడండి. ఇంట్లో జాకీ పెట్టి మాత్రం కిందికి దూరొద్దు. గీతలు, సొట్టలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోన్లో ఫొటోలు తీసుకోండి. తళతళలాడే గీత కొత్తది, ఎర్రగా తుప్పు పట్టింది పాతది. ప్లేట్ ఎక్కడ కావాలో ఆ గీతలే చెబుతాయి. గ్రూపులో ఆయన బండికి తగిలిన చోటే మీ బండికీ తగలాలని రూలేం లేదు.

మధ్యలో తగిలిందన్నారు కాబట్టి నా అనుమానం ట్రాన్స్‌ఫర్ కేస్ మీద, అంటే ఇంజిన్ శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె మీద. విదేశాల్లో అమ్మే 3 డోర్ల జిమ్నీ వీల్‌బేస్ 2,250 ఎంఎం. మనకు 2023లో వచ్చిన 5 డోర్ల బండికి అది 2,590. ముందు, వెనక చక్రాల మధ్య దూరం పెరిగితే గట్టు దాటేటప్పుడు పొట్ట తొందరగా ఆనుతుంది. దీన్ని కొలిచే బ్రేకోవర్ కోణం అక్కడ 28 డిగ్రీలుంటే మన బండికి 24 డిగ్రీలే. జిమ్నీలో ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్‌బాక్సుకు అతుక్కుని ఉండదు, కాస్త వెనగ్గా పొట్ట మధ్యలో విడిగా ఉంటుంది. కాబట్టి డబ్బులు పెట్టాల్సిన మొదటి ప్లేట్ అదే. రెండోది ఇంజిన్ ఆయిల్ ఛాంబర్‌కి. మూడోది పెట్రోల్ ట్యాంకుకి, అదీ అక్కడ గీతలు కనిపిస్తేనే.

అమ్మేవాళ్లు చెప్పని విషయం ఒకటుంది. జిమ్నీకి ముందూ వెనకా రిజిడ్ యాక్సిళ్లే, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు. బండి మొత్తంలో బాగా కిందికి ఉండేది యాక్సిల్ మీద గుండ్రంగా కనిపించే డిఫరెన్షియల్ (ఎడమ, కుడి చక్రాలకు శక్తిని పంచే గేర్ల డబ్బా). ఇంజిన్ కింద ఎంత మందం ప్లేట్ వేసినా అది అంగుళం కూడా పైకి లేవదు. దాన్ని ఎత్తేది టైరు సైజొక్కటే. సస్పెన్షన్ లిఫ్ట్ కిట్ వేయించినా బాడీ లేస్తుంది కానీ యాక్సిల్ ఉన్నచోటే ఉంటుంది. అందుకే పెద్ద రాయి ఎదురైతే రెండు చక్రాల మధ్యకు తీసుకోవద్దు, నిదానంగా టైరే దాని మీదికి ఎక్కించండి. ఇది నేర్చుకుంటే సగం ప్లేట్ల ఖర్చు మిగులుతుంది. మహీంద్రా థార్ వాళ్లకు లెక్క వేరు. ముందు చక్రాలకు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడిగా కదిలేది) కాబట్టి, గుంతలో పడి స్ప్రింగ్ నొక్కుకున్నప్పుడు ముందు డిఫరెన్షియల్ కూడా బాడీతోపాటు నేలకు దగ్గరవుతుంది. వాళ్లకు ముందు ప్లేటే ముఖ్యం.

(చాలా ఎస్‌యూవీల బంపర్ కింద వెండి రంగులో మెరిసేదాన్ని కూడా బ్రోషర్లలో స్కిడ్ ప్లేట్ అనే అంటారు. ఎక్కువ బండ్లలో అది ప్లాస్టిక్కే. ఫొటోకి బాగుంటుంది.)

ఇక స్టీలా, అల్యూమినియమా? చదరపు మీటరు రేకు లెక్కన చూద్దాం. 3 ఎంఎం స్టీల్ బరువు దాదాపు 23.5 కిలోలు. 6 ఎంఎం అల్యూమినియం 16 కిలోల పైచిలుకు. అంటే మందం రెట్టింపైనా బరువు తక్కువే. వంగకుండా నిలబడే గుణం మందంతోపాటు చాలా వేగంగా పెరుగుతుంది కాబట్టి ఆ 6 ఎంఎం అల్యూమినియం, 3 ఎంఎం స్టీల్ కంటే రెండున్నర రెట్లకు పైగా బిగువుగా ఉంటుంది. ఇక్కడే మోసపోయేది కూడా. అల్యూమినియం పేరు చెప్పి 4 ఎంఎం రేకు అంటగడితే బిగువులో అది 3 ఎంఎం స్టీల్ కంటే తక్కువే. బిల్లు మీద మందం, గ్రేడ్ రెండూ రాయించుకోండి. 5052, 5083 లాంటి నంబర్లు కనిపించాలి. 'ఎయిర్‌క్రాఫ్ట్ గ్రేడ్' అన్న మాటకు విలువ లేదు.

అయితే మన దగ్గర ఎక్కువగా కనిపించే రాయి గ్రానైట్. గరుకు గ్రానైట్ మీద బండి పొట్ట ఆని జారేటప్పుడు స్టీల్ గీసుకుంటూ ముందుకు పోతుంది. అల్యూమినియం మెత్తన కాబట్టి రాయి దాన్ని చెక్కుతూ పట్టేసుకుంటుంది. వారం వారం రాళ్లెక్కే వాళ్లకు స్టీల్, అప్పుడప్పుడు వెళ్లి మిగతా రోజులు ఆఫీసుకు తిరిగేవాళ్లకు 6 ఎంఎం అల్యూమినియం. మీకు రెండోదే చెబుతాను. బరువూ ఒక కారణం. జిమ్నీ ఖాళీ బరువు 1,200 కిలోల దగ్గర, మనుషులు, సామాను కలిపి బండి మొత్తం బరువు 1,545 దాటకూడదు. నలుగురు పెద్దవాళ్లు ఎక్కితే 300 కిలోలు అయిపోయినట్టే. మిగిలిన నలభై చిల్లరలో ముందు నుంచి వెనకదాకా స్టీల్ వేయిస్తే నీళ్ల క్యాను పెట్టడానికి కూడా ఆలోచించాలి.

ఆటోనగర్ పనితనాన్ని తక్కువ చేయను. కానీ ఛాసిస్ మీద వెల్డింగ్ మాత్రం వద్దు. వేడికి అక్కడి లోహం గుణం మారుతుంది, లోపలి పెయింట్ కాలిపోయి తుప్పు మొదలవుతుంది, వారంటీ మాట మర్చిపోవాల్సిందే. ఛాసిస్‌కి కంపెనీ ఇచ్చిన రంధ్రాలకే బోల్టులతో బిగించేలా చేయించండి. ప్లేట్ బరువు ఛాసిస్ మీదే పడాలి, ఆయిల్ ఛాంబర్‌కో గేర్‌బాక్సుకో ఆనకూడదు. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంటుంది, అందుకని ప్లేటుకూ దానికీ మధ్య వేలు సులువుగా దూరేంత ఖాళీ వదలమనండి.

ప్లేట్ తయారయ్యాక బిగించకముందే నేల మీద పెట్టి చూడండి. బోల్టు తలలు రేకులోకి దిగి ఉండాలి. బయటికి పొడుచుకొస్తే మొదటి రాయికే తల అరిగిపోతుంది, తర్వాత ఏ స్పానరూ పట్టదు. ఒకటి కంటే ఎక్కువ ప్లేట్లుంటే పెంకుటింటి కప్పులాగే అమరిక ఉండాలి. ముందు ప్లేట్ వెనక అంచు, తర్వాతి ప్లేట్ ముందు అంచును కింద నుంచి కప్పాలి. తిరగేసి బిగిస్తే ప్రతి రాయీ ఆ సందులో ఇరుక్కుంటుంది. ఆయిల్ తీసే బోల్టు, ఫిల్టర్ ఉన్నచోట రంధ్రం సాకెట్ దూరేంత మాత్రమే ఉంటే చాలదు, ఆయిల్ కూడా ప్లేట్ మీద పడకుండా నేరుగా కారేలా ఉండాలి. లేదంటే ప్రతి సర్వీసుకూ ప్లేట్ విప్పాలి, ఆ కూలీ మీ జేబులోంచే. బురద, నీళ్లు కారిపోవడానికి చిన్న రంధ్రాలు, గాలి ఆడటానికి చీలికలు కూడా ఉండాలి.

సైలెన్సర్ గొట్టానికీ ప్లేటుకీ మధ్య ఎండుగడ్డి ఇరుక్కుంటే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. డిపిఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న డీజిల్ బండ్లలో మసిని కాల్చుకునేటప్పుడు ఎగ్జాస్ట్ వేడి 600 డిగ్రీల దాకా పోతుంది. కాబట్టి ఆ భాగాన్ని మూయొద్దు. గడ్డి దారిలో తిరిగొచ్చిన ప్రతిసారీ టార్చ్ వేసి చూడండి.

ఇంకోమాట, అనుమతి లేకుండా రిజర్వ్ ఫారెస్ట్‌లోకి బండి తోలితే కేసు పెడతారు. ఏ ప్లేటూ దానికి అడ్డం కాదు.

ప్లేట్ వేయించినప్పటి నుంచి ఇంజిన్ ఎక్కువ వేడెక్కుతోందని టెన్షన్. మీటర్‌లో ముల్లు మధ్యలోనే ఉంటోంది. సరిగ్గా తెలుసుకునే గాడ్జెట్ ఏదైనా ఉందా?
– కరీంనగర్ నుంచి

ఉంది, చవకే. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకు (మెకానిక్‌లు బండి కంప్యూటర్‌ను చదివే సాకెట్) పెట్టే బ్లూటూత్ అడాప్టర్ కొనండి. ఫోన్లో టార్క్ గానీ కార్ స్కానర్ గానీ యాప్ వేసుకుంటే కూలెంట్ వేడి డిగ్రీల్లో కనిపిస్తుంది. చాలా బండ్లలో ముల్లు కొంత వేడి తేడా వరకు మధ్యలోనే నిలబడేలా సెట్ చేసి ఉంటుంది, అందుకే దాన్ని నమ్ముకుంటే తేడా తెలియదు. మీది ఐఫోన్ అయితే పాత రకం బ్లూటూత్ అడాప్టర్ పనిచేయదు. బ్లూటూత్ ఎల్‌ఈ గానీ వైఫై గానీ ఉన్నది చూసి కొనండి.

ఒకే రోడ్డు, ఒకే వేళ, ఏసీ వేసి, ప్లేట్ ఉన్నప్పుడు ఒకసారి, విప్పి ఒకసారి నడిపి రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టి చూడండి. కూలెంట్ సాధారణంగా 85 నుంచి 100 డిగ్రీల మధ్య ఆడుతుంది. ప్లేట్ వల్ల ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే కంగారు పడొద్దు. ఎక్కినకొద్దీ ఎక్కుతూనే ఉంటే చీలికలు పెంచమని చెప్పండి. ఆటోమేటిక్ అయితే గేర్‌బాక్స్ ఆయిల్ వేడి కూడా చూడాలి, కొన్ని బండ్లు ఆ సంఖ్యను ఇస్తాయి. పని అయ్యాక అడాప్టర్ తీసేయండి. రోజుల తరబడి వదిలేస్తే బ్యాటరీ తాగేస్తుంది.

మరో గాడ్జెట్ కూడా పనికొస్తుంది, ఫోన్‌కి టైప్-సి తో తగిలించే ఎండోస్కోప్ కెమెరా. ప్లేట్ విప్పకుండానే పైన చిక్కిన గడ్డి, బురద, ఆయిల్ మరకలు చూసుకోవచ్చు.

మాది విశాఖ. థార్‌కి అండర్‌బాడీ కోటింగ్ చేయించాను. ఇంకా ప్లేట్ అవసరమా?

రెండింటికీ సంబంధం లేదు. కోటింగ్ తుప్పు రాకుండా, ప్లేట్ రాయి తగలకుండా. రోడ్డు మీదే తిరిగేట్లయితే కోటింగ్ చాలు. తడి బురద మీదే కోటింగ్ కొట్టేస్తే ఉప్పు నీరు లోపలే ఉండిపోయి తుప్పు ఇంకా పెరుగుతుంది, అది మాత్రం చూసుకోండి. తర్వాత ప్లేట్ వేయించుకుంటే సముద్ర గాలిలో అల్యూమినియం, స్టీల్ నేరుగా ఆనుకున్నచోట అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. మధ్యలో నైలాన్ వాషర్లు పెట్టించండి. బీచ్‌లోకి దింపిన రోజే మంచినీళ్లతో కింద కడగండి.

ఇలా వేయిస్తే ఆర్టీఓ ఫైన్ వేస్తారా? ఇన్సూరెన్స్ చెల్లుతుందా?
– విజయవాడ నుంచి

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ అని వచ్చింది. ఛాసిస్‌కి బోల్టులతో బిగించి, కావాలంటే విప్పేయగలిగే అడుగు ప్లేట్ ఆ వివరాలను మార్చదనే నా అభిప్రాయం. ముందు వేసే ఇనుప క్రాష్ గార్డ్ సంగతి వేరు. పాదచారులకూ, బండిలో ఉన్నవాళ్లకూ ప్రమాదమని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకు రాసింది. ప్లేట్‌తో 'ఫ్రీ'గా ఇస్తామన్నా వద్దనండి.

ఇన్సూరెన్స్ వాళ్లకు మాత్రం బిల్లు పంపి, నాన్ ఎలక్ట్రికల్ యాక్సెసరీగా పాలసీలో చేర్పించండి. లేకపోతే ప్లేట్ పోయినా డబ్బు రాదు. అంతకంటే పెద్ద విషయం: ఛాంబర్ పగిలి ఆయిల్ కారిపోతున్నా అలాగే నడిపి ఇంజిన్ పట్టేస్తే, మామూలు పాలసీలో ఆ నష్టానికి క్లెయిమ్ తిరస్కరించే అవకాశమే ఎక్కువ. అందుకే గట్టిగా తగిలిందనిపిస్తే, ఎర్ర ఆయిల్ లైట్ వెలిగితే, ఇంజిన్ అక్కడికక్కడే ఆపేయండి. 'ఇంకో కిలోమీటరే కదా' అనొద్దు. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ ఉందో లేదో రెన్యువల్ అప్పుడు చూసుకోండి.

మాది ఈవీ. ఊరి దారి బాలేదు. బ్యాటరీ కింద స్టీల్ ప్లేట్ వేయించనా?
– ఖమ్మం నుంచి

వద్దు. బ్యాటరీ పెట్టెకు కింద కంపెనీ ఇచ్చిన గట్టి కవచం ఉంటుంది. మీరు అదనంగా బిగిస్తే దెబ్బ తగిలినా పెట్టె కంటికి కనబడదు, దాని చుట్టూ రంధ్రాలు వేస్తే వారంటీ కూడా చిక్కుల్లో పడుతుంది. గుంతల దారిలో వేగం తగ్గించడమే మార్గం. కింద గట్టిగా తగిలి సొట్ట కనబడినా, వార్నింగ్ లైట్ వెలిగినా ఛార్జింగ్ పెట్టకండి. ఇంటికి దూరంగా, ఆరుబయట నిలిపి, కంపెనీ సర్వీస్ వాళ్లను పిలిచి ట్రక్కు మీదే పంపండి.