జతగా తీసిన కొలతలను విడదీయవచ్చునా?

ప్రశ్న: నేను బెంగళూరులో నర్సింగ్ ఎం.ఎస్సీ. చదువుతున్నాను. రక్తపోటు ఎక్కువగా ఉన్నవారిని ఎంపిక చేసి, వారిచేత ఎనిమిది వారాలు లాల్‌బాగ్‌లో ఉదయపు నడక చేయించి, ముందూ తరువాతా సిస్టోలిక్ రక్తపోటు కొలిచాను. ఇండిపెండెంట్ టీ-టెస్ట్ (రెండు వేరువేరు బృందాల సగటులను పోల్చేది) చేస్తే తేడా లేదని, పెయిర్డ్ టీ-టెస్ట్ (ఒకే మనిషి రెండు కొలతల మధ్య తేడాను చూసేది) చేస్తే స్పష్టమైన తేడా ఉందని వచ్చింది. అనుకూలంగా వచ్చినదాన్నే థీసిస్‌లో రాస్తే మోసమవుతుందా?
– ఒక పాఠకురాలు, మత్తికెరె

జవాబు: రెండు టెస్టులు చేసి నచ్చినదాన్ని ఉంచుకోవడం తప్పేనన్న మీ శంక సరైనదే. అయితే ఇక్కడ ఎంచుకోవడానికి రెండు టెస్టులు లేవు. రెండు కొలతలూ ఒకే మనిషివి కనుక, ఫలితం ఎలా వచ్చినా పెయిర్డ్ టెస్టే చేయాలి.

ఐదుగురితో చూద్దాం. నడకకు ముందు వారి రక్తపోటు 164, 152, 176, 142, 158 అనీ, తరువాత అదే వరుసలో 159, 148, 169, 139, 152 అనీ అనుకోండి. సగటు 158.4 నుంచి 153.4కు తగ్గింది. ఇండిపెండెంట్ టెస్ట్ ఈ పది అంకెలనూ పదిమంది వేరువేరు మనుషులవిగా భావిస్తుంది. మనిషికీ మనిషికీ మధ్య అంత వ్యత్యాసం ఉన్నప్పుడు 5 పాయింట్ల తగ్గుదల అందులో మునిగిపోయి, టీ విలువ (సగటుల తేడా దాని అనిశ్చితికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) సుమారు 0.66, పీ విలువ (దీని అర్థం కింద చెబుతాను) 0.5 పైన వస్తాయి. ఎవరి తగ్గుదల వారికి లెక్కిస్తే 5, 4, 7, 3, 6 వస్తాయి. అందరిలోనూ తగ్గింది, ఇంచుమించు ఒకే మేరకు తగ్గింది. అందుకే టీ విలువ 7.07కు పెరిగి, పీ విలువ 0.002కు దిగుతుంది. డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కర్మాగారంలో పనిచేసిన గాసెట్ 1908లో ‘స్టూడెంట్’ అన్న మారుపేరుతో ఈ పద్ధతిని ప్రకటించినప్పుడు తీసుకున్న ఉదాహరణ కూడా ఇటువంటిదే: పదిమంది రోగులు, ఒక్కొక్కరికీ రెండు నిద్రమందులు.

పీ విలువ 0.002 అంటే నడక పనిచేయకపోవడానికి ఉన్న అవకాశం 0.2 శాతం అని అర్థం కాదు. నిజానికి మార్పేమీ లేకపోతే, కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా, లేదా ఇంతకు మించిన తేడా, కనబడే అవకాశం అంత తక్కువని అర్థం. దానితోపాటు 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు సగటు తగ్గుదల ఎంత నుంచి ఎంత వరకు ఉండవచ్చో చూపే పరిధి) కూడా తప్పక రాయండి. పై ఉదాహరణలో అది సుమారు 3 నుంచి 7 వరకు. రోగికి పనికివచ్చే సమాచారం అదే.

నార్మాలిటీ (అంకెలు సగటుకు ఇరువైపులా గంట ఆకారంలో పరుచుకున్నాయా అన్నది) పరీక్షించవలసింది తేడాలకే గాని, విడివిడిగా రెండు వరుసలకు కాదు. తేడాలు అలా లేకపోతే, వాటి పరిమాణాల వరుస క్రమాన్ని వాడే విల్కాక్సన్ సైన్డ్ ర్యాంక్ టెస్ట్ ఉంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టినది వేరొకటి. రక్తపోటు ఎక్కువగా ఉన్నవారినే ఏరి తీసుకున్నారు. ఆ రోజు ఏ కంగారువల్లనో, నిద్రలేమివల్లనో మామూలుకన్నా ఎక్కువ చూపినవారు అందులో కొందరైనా ఉంటారు. వారు ఒక్క అడుగు నడవకపోయినా మరోసారి కొలిస్తే తక్కువే చూపుతారు. ఈ సగటువైపు మళ్ళడాన్ని ఇంగ్లండు శాస్త్రవేత్త గాల్టన్ 1886లోనే తల్లిదండ్రుల, పిల్లల ఎత్తులలో గమనించి రాశాడు. ఏ టీ-టెస్టూ దీన్ని విడదీసి చెప్పలేదు. కనుక తగ్గుదల అంతా నడకవల్లనే అని తేల్చకుండా, కంట్రోల్ గ్రూప్ (పోల్చి చూడడానికి నడవని బృందం) లేదని పరిమితులలో స్పష్టంగా రాయండి. ఇంకా వ్యవధి ఉంటే, నడవని మరొక బృందాన్ని అదే పద్ధతిలో ఎంపిక చేసి ఎనిమిది వారాల తేడా కొలవండి. ఆ రెండు బృందాల తగ్గుదలలను పోల్చడానికి, మీరు పక్కన పెట్టిన ఇండిపెండెంట్ టెస్టే కావాలి.