జీతాల లెక్కలు బయటివాళ్లకు ఇచ్చేయొచ్చా?

ప్రశ్న: మాది పంపులు, వాల్వులు తయారుచేసే చిన్న కంపెనీ. జీతాలు, అకౌంట్స్, కంప్యూటర్ల బాగోగులు, కస్టమర్ల ఫోన్లు అన్నీ ఇన్నాళ్లూ మేమే చూసుకున్నాం. ఈమధ్య ఒక సర్వీసు కంపెనీ వాళ్లు వచ్చి అన్నీ మాకు అప్పజెప్పండి, ఖర్చు బాగా తగ్గుతుంది, మీరు తయారీ చూసుకుంటే చాలు అంటున్నారు. మా పార్ట్‌నర్ సంతకం పెట్టేద్దామంటున్నాడు, నాకేమో టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అన్నీ ఒకేసారి ఇవ్వకండి. జీతాలు ఇవ్వండి, కస్టమర్ల ఫోన్లు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

జీతాల లెక్క ఏ కంపెనీలోనైనా ఇంచుమించు ఒకటే, హాజరు, సెలవులు, కోతలు, పన్ను. రూల్ మారినప్పుడల్లా దాన్ని చదివి, సాఫ్ట్‌వేర్‌లో మార్చి, సరిచూసుకునే పనిని మీరొక్కరే చేసుకునే బదులు వందల కంపెనీల తరఫున ఒకరు చేస్తే అందరికీ చవగ్గా పడుతుంది. ఇదేమీ కొత్త ఆలోచన కాదు. హెన్రీ టాబ్ అనే అమెరికన్ 1949లోనే ఇతర కంపెనీల జీతాల లెక్కలు చేసిపెట్టే వ్యాపారం మొదలుపెట్టాడు, ఇప్పుడు ఏడీపీ పేరుతో నడుస్తున్న పెద్ద జీతాల సర్వీసు కంపెనీ అదే. 1989లో ఫోటో ఫిల్ముల కంపెనీ కొడాక్ తన కంప్యూటర్ సెంటర్ల నిర్వహణను ఐబీఎంకి అప్పగించాక పెద్ద కంపెనీలకూ ధైర్యం వచ్చింది.

ఫోన్ల సంగతి వేరు. ఫలానా వాల్వు రెండు నెలలకే కారుతోందని అందరికంటే ముందు తెలిసేది ఫోన్ ఎత్తినవాళ్లకే. మీ ఆఫీసులో మనిషైతే లేచి వెళ్లి షాప్‌ఫ్లోర్‌లో అడుగుతాడు, లేదా కనీసం టీ తాగేటప్పుడైనా చెప్తాడు. బయటి కాల్ సెంటర్‌లో కూర్చున్న అమ్మాయి ముందు స్క్రీన్ మీద నాలుగైదు ఆప్షన్లు ఉంటాయి, అందులో మీ కారే వాల్వు ఉండదు, కాబట్టి 'ఇతరాలు' నొక్కి తర్వాతి కాల్ తీసుకుంటుంది. ఆ అమ్మాయి తప్పేం లేదు, ఆమెకు లెక్క కట్టేది కాల్ ఎన్ని నిమిషాల్లో ముగించిందనే. నెలాఖరున మీకొచ్చే రిపోర్టులో మాత్రం అంతా బాగుందన్నట్టు అన్నీ పచ్చరంగులోనే ఉంటాయి.

పచ్చరంగు అంటే గుర్తొచ్చింది, కాంట్రాక్టులో సర్వీస్ లెవల్ అని, ఏ పని ఎంత టైములో, ఎంత బాగా చేస్తారో చెప్పే ఒక భాగం ఉంటుంది, మీ పార్ట్‌నర్ చేత దాన్ని ఒకటికి రెండుసార్లు చదివించండి. 'నాలుగు గంటల్లో స్పందన' అని రాసుంటే మురిసిపోకండి. 'మీ ఫిర్యాదు అందింది' అని ఆటోమేటిక్‌గా వెళ్లే మెయిల్ కూడా స్పందన కిందకే వస్తుంది. సమస్య తీరడానికి ఎంత టైమో విడిగా రాయించండి. తీరకుండానే టికెట్, అంటే నంబరు వేసి నమోదు చేసిన మీ ఫిర్యాదు, మూసేసి, మీరు మళ్లీ అడిగితే కొత్త నంబరుతో తెరవడం కూడా మామూలే, అప్పుడు గడియారం మళ్లీ మొదట్నుంచి తిరుగుతుంది. పాత టికెట్‌నే తెరవాలని, లెక్క మొదటి తేదీ నుంచే నడవాలని రాయించండి.

ఖర్చు తగ్గుతుందన్నారు చూశారా, కొంత తగ్గుతుంది, కాదనను. కానీ వాళ్లిచ్చిన కొటేషన్‌లో లేని ప్రతి చిన్న పనికీ వేరే ఇన్‌వాయిస్ వస్తే తడిసి మోపెడవుతుంది. హాజరు ఫైలు వాళ్లకు పంపాక, జీతాలు పడే లోపల ఎవరో ఒకరు మానేస్తారు, వాళ్ల లెక్క మళ్లీ చేయాలి. దానికి అదనంగా తీసుకుంటారా అని ఇప్పుడే అడగండి. ఇక జీతాల పని తెలిసిన మీ మనిషిని దయచేసి పంపేయకండి. వాళ్లు పంపిన షీట్ తప్పో ఒప్పో చెప్పగలిగేవాళ్లు లోపల ఒకరైనా లేకపోతే మీ జుట్టు వాళ్ల చేతికి ఇచ్చినట్టే. జీతం తప్పు పడితే ఉద్యోగి వచ్చి నిలబడేది మీ టేబుల్ ముందే.

లాగిన్‌ల విషయంలో మొహమాటం వద్దు. ఎవరి పనికి ఎంత అవసరమో అంతే. 2013లో అమెరికాలో టార్గెట్ అనే పెద్ద రిటైల్ కంపెనీ స్టోర్ల నుంచి దాదాపు 4 కోట్ల క్రెడిట్, డెబిట్ కార్డుల వివరాలు పోయాయి, దొంగలు లోపలికి వచ్చింది కూలింగ్ పనులు చూసే ఒక కాంట్రాక్టర్ లాగిన్‌తో. కాంట్రాక్టు ముగిస్తే మీ డేటా ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో కూడా ముందే రాయించుకోండి, గొడవయ్యాక అడిగితే పలకరు.

ప్రశ్న: నేను అలాంటి సర్వీసు కంపెనీ తరఫునే క్లయింట్ ఆఫీసులో చాలాకాలంగా కూర్చుంటున్నాను. పని చెప్పేది, సెలవిచ్చేది అంతా క్లయింట్ మేనేజరే. ఆయన నన్ను తీసుకుంటాడని ఆశ పెట్టుకోవచ్చా?

జవాబు: ఆయన మంచివాడే కావచ్చు, కానీ మీకు జీతం, ఇంక్రిమెంట్ ఇవ్వాల్సింది మీ కంపెనీ. వెండర్, అంటే సర్వీసు కంపెనీ, మనుషుల్ని ఫలానా కాలం దాకా క్లయింట్ తీసుకోకూడదనే షరతు ఇలాంటి ఒప్పందాల్లో చాలావాటిలో ఉంటుంది, ఆశ పెట్టుకునే ముందు మీ హెచ్‌ఆర్‌ని అది ఉందో లేదో అడగండి. ఈ కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుందో, ముగిస్తే మిమ్మల్ని ఎక్కడ వేస్తారో కూడా అడగండి, జవాబు మెయిల్‌లో ఇమ్మనండి.