చైనాలో పార్టీ సభ్యత్వం లేకుండా మంత్రి కావచ్చా? ఒక ఆడి కార్ల ఇంజినీర్ సంగతి

ప్రశ్న ఇది: "చైనాలో మనలాగా ఎన్నికలు ఉండవు కదా, మరి అక్కడ మంత్రి అవ్వాలంటే చిన్నప్పటి నుంచీ కమ్యూనిస్టు పార్టీలో ఉండాలా?"

దాదాపు అందరి విషయంలోనూ అంతే. పార్టీలో చేరి, కింది స్థాయి నుంచి ఒక్కో మెట్టూ ఎక్కుతూ వస్తారు. కానీ పార్టీ కార్డు లేకుండానే పదకొండేళ్లు సైన్స్ అండ్ టెక్నాలజీ మంత్రిగా చేసినాయన ఒకరున్నారు. పేరు వాన్ గాంగ్, 2007 నుంచి 2018 దాకా. ఆయన పేరు నేను మొదటిసారి విన్నది ఒక నంబర్ ప్లేటు పుణ్యాన.

నేను కార్ల విడిభాగాల కంపెనీలో టెస్టింగ్ ఇంజినీర్‌ని. 2017లో రెండు నెలల పనికి షాంఘై పంపారు. అక్కడ నా పక్క సీటు కుర్రాడు కొత్తగా ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. పొగ, కాలుష్యం అంటూ ఏదో చెబుతాడనుకుని ఎందుకు కొన్నావని అడిగితే నవ్వేశాడు. షాంఘైలో పెట్రోల్ కారుకి నంబర్ ప్లేటు కావాలంటే వేలంలో పాడుకోవాలి. అప్పట్లో పాట 90 వేల యువాన్ల దగ్గర ఉంది. మన డబ్బుల్లో ఎనిమిది లక్షల పైమాటే, అదీ ఒక్క రేకు ముక్కకి! ఎలక్ట్రిక్ కారుకైతే ఆకుపచ్చ ప్లేటు, ఊరికే ఇచ్చేవారు. "పిచ్చివాడైతే తప్ప పెట్రోల్ కారు ఎవడు కొంటాడు?" అన్నాడు. ప్లేటు ఊరికే ఇవ్వడం ఆ నగరం వాళ్ల నిర్ణయం. కానీ దేశాన్ని ఈ దారిలోకి తెచ్చింది ఎవరని అడిగితే, మా టీమ్‌లో వయసులో పెద్దాయన ఒకరు వాన్ గాంగ్ పేరు చెప్పారు.

వాన్ గాంగ్ పుట్టింది 1952లో, ఆ షాంఘైలోనే. మావో నడిపించిన సాంస్కృతిక విప్లవం రోజుల్లో చదువులు ఆగిపోయి, పట్నం పిల్లల్ని పల్లెలకు తోలేశారు. 1969లో ఈయన్ని ఉత్తర కొరియా సరిహద్దు దగ్గర యన్‌బియన్ ప్రాంతానికి పంపారు. ఇంజిన్ల పిచ్చి పట్టుకున్నది అక్కడి ట్రాక్టర్ల దగ్గరేనట. తర్వాత హర్బిన్‌లో డిగ్రీ, షాంఘైలోని తోంగ్జీ యూనివర్సిటీలో పీజీ, ఆపైన జర్మనీ. క్లౌస్టాల్ యూనివర్సిటీలో డాక్టరేట్ తీసుకుని 1991లో ఆడి కార్ల కంపెనీలో చేరారు. దాదాపు పదేళ్లు అక్కడే. మన వాళ్లయితే ఇల్లు కొనుక్కుని స్థిరపడిపోయే దశ అది.

2000లో అప్పటి సైన్స్ మంత్రి జూ లీలాన్ ఆయన్ని వెనక్కి రమ్మన్నారు. వాన్ గాంగ్ చైనా ప్రభుత్వానికి ఒక ప్రతిపాదన రాసి ఇచ్చారు. పెట్రోల్ ఇంజిన్లలో జర్మనీ, జపాన్‌లను అందుకోవాలని చూడటం దండగ, బ్యాటరీ, మోటారు, ఫ్యూయల్ సెల్ (హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే పరికరం) వైపు నేరుగా దూకుదాం అన్నది దాని సారాంశం.

ఇది వినడానికి మామూలుగా ఉంటుంది గానీ, ఇంజిన్ టెస్టింగ్‌లో ఉన్నవాళ్లకి ఆ మాట బరువు తెలుస్తుంది. ఒక పెట్రోల్ ఇంజిన్‌ని పొగ పరీక్ష పాస్ చేయించడానికి మేం నెలల తరబడి తల పట్టుకుంటాం. చలిలో ఒకలా, ఎండలో ఒకలా, ఘాట్ రోడ్డు ఎక్కితే ఇంకోలా ఉంటుంది దాని వరస. ఆ అనుభవం డబ్బు పెట్టి కొంటే వచ్చేది కాదు, పాత కంపెనీలకు వందేళ్లుగా పోగుపడింది. మోటారు దగ్గర ఆ వందేళ్లు పెద్దగా పనికిరావు. ఆడిలో పదేళ్లు పనిచేసిన మనిషే ఈ మాట అనడంతో బీజింగ్‌లో విన్నారని నా అభిప్రాయం. బయటివాడెవడో చెబితే చేతగాక అంటున్నాడనుకునేవాళ్లు.

2001లో 863 అనే జాతీయ పరిశోధన పథకం కింద ఎలక్ట్రిక్ వాహనాల ప్రాజెక్టు మొదలైంది. 1986 మూడో నెలలో పుట్టిన పథకం కాబట్టి ఆ పేరు. చేతిలో 88 కోట్ల యువాన్లు, ప్రధాన శాస్త్రవేత్త ఈయనే. 2004లో తోంగ్జీ యూనివర్సిటీ అధ్యక్షుడయ్యారు, 2007లో మంత్రి. ఆయన ఉన్నది జీగోంగ్ పార్టీలో. విదేశాల నుంచి తిరిగొచ్చిన చైనీయుల పార్టీ అది, 1925లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టింది. ప్రతిపక్షం అనుకునేరు, అలాంటిదేమీ లేదు. కమ్యూనిస్టు పార్టీ నాయకత్వాన్ని ఒప్పుకుని నడిచే ఎనిమిది చిన్న పార్టీల్లో అదొకటి.

అసలు మెలిక ఇంకోచోట ఉంది. చైనాలో ప్రతి మంత్రిత్వ శాఖలోనూ కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి ఒకరుంటారు. సాధారణంగా మంత్రే ఆ కుర్చీలోనూ కూర్చుంటారు. వాన్ గాంగ్‌కి సభ్యత్వం లేదు కాబట్టి ఆ పదవి వేరేవాళ్ల చేతిలో ఉండేది. 2018లో ఈయన దిగిపోయాక మంత్రి అయింది అప్పటిదాకా పార్టీ కార్యదర్శిగా ఉన్న వాంగ్ జిగాంగే. కాబట్టి బయటివాడు కూడా మంత్రి కావచ్చు, కానీ పక్కన ఇంకో కుర్చీ ఉంటుంది.

2009లో "పది నగరాలు, వెయ్యి వాహనాలు" అనే పథకం వచ్చింది. నగరానికి వెయ్యి చొప్పున ముందు బస్సులు, టాక్సీలు దింపాలని. మొదట్లో నత్తనడకే. తర్వాత సబ్సిడీలు పెరిగాయి, వాటితో పాటు తినేవాళ్లూ పెరిగారు. బస్సులు తయారు చేయకుండానే చేశామని చూపించి వంద కోట్ల యువాన్లకు పైగా నొక్కేసిన ఐదు కంపెనీల బాగోతాన్ని 2016లో ఆర్థిక శాఖే బయటపెట్టింది. ఆ కథ విన్నప్పుడు మాత్రం నాకు మన ఊరు గుర్తొచ్చింది. అయినా పథకం ఆపలేదు. ఆయన దిగిపోయిన 2018లో, ప్లగ్-ఇన్ హైబ్రిడ్లతో (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు ఛార్జ్ చేసుకునే బ్యాటరీ కూడా ఉండేవి) కలిపి, చైనాలో దాదాపు 12.5 లక్షల ఎలక్ట్రిక్ వాహనాలు అమ్ముడయ్యాయి.

పదవి దిగాక ఆయన హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్ వైపు తిరగాలని గట్టిగా వాదించారు. దూరం వెళ్లే లారీలకైతే సరే గానీ, కార్ల విషయంలో ఆ లెక్క నాకు మింగుడు పడలేదు. హైడ్రోజన్ తయారీకి, నిల్వకి అయ్యే ఖర్చు చూస్తే బ్యాటరీతో పోటీ పడేలా కనిపించదు. 2000లో ఆయన మాట వినుంటే నేను కూడా ఇలాగే పెదవి విరిచేవాణ్నేమో.