అన్నయ్య చెప్పే ప్లాటు తర్వాత, ముందు ఆయా రాని నెలకి డబ్బు పక్కన పెట్టండి

విశాఖ కూర్మన్నపాలెం నుంచి ఒకామె పంపిన ప్రశ్న ఇది, పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయట్లేదు. వయసు 36. ఆరేళ్ల కిందట బైక్ యాక్సిడెంట్‌లో మెడ దగ్గర వెన్నుపూస దెబ్బతింది, కాళ్లు కదలవు, చేతులు లేస్తాయి గానీ వేళ్లకి పట్టు లేదు. అరచేతికి బెల్టు కట్టించుకుని దాంట్లో పెన్సిల్ దూర్చి ఒక్కో కీ నొక్కుతూ ఇంట్లోంచే మెడికల్ బిల్లింగ్ ఉద్యోగం చేస్తున్నారు, జీతం 38,000. యాక్సిడెంట్ కేసులో 21 లక్షలు పరిహారం వచ్చింది, అందులో 14 లక్షలు ట్రిబ్యునల్ ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయించింది, నెలకి 7,500 వడ్డీ వస్తోంది. మిగతా 7 లక్షలు అన్నయ్యతో జాయింట్ అకౌంట్‌లో ఉన్నాయి, ఫోన్ బ్యాంకింగ్ మాత్రం అన్నయ్య ఫోన్‌లోనే.

ఖర్చులు ఇలా రాశారు. పగటి ఆయాకి 17,000, డయపర్లు క్యాథెటర్లు మందులు 5,500, ఫిజియోకి 4,000, ఇంటికి 8,000, లోన్ ఈఎంఐ 9,400. నెలాఖరుకి మిగిలేది 1,600. రాత్రిపూట పదకొండుకి, ఒంటిగంటకి, మూడింటికి, ఐదింటికి అలారం పెట్టుకుని వాళ్లమ్మ లేచి ఈమెని పక్కకి తిప్పుతారు, ఆవిడకి 61, మోకాళ్లు అరిగాయి. నైట్ డ్యూటీకి ఒక మనిషిని 14,000కి పెట్టుకోవాలని ఈమె ఆశ. హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్యేమో "ఆ 7 లక్షల్లో 6 లక్షలు ఇటివ్వు, భోగాపురం దగ్గర ప్లాటు వేద్దాం, నైట్ ఆయా ఖర్చు నెలకి 12,000 నేనిస్తా, మూడేళ్లలో డబుల్ అవుద్ది" అంటున్నారట. ఇవ్వాలా వద్దా, లోన్ ముందు తీర్చాలా, అసలు నా కేర్ ఖర్చుల డబ్బు నా చేతిలో పెట్టుకోవడం తప్పా సార్, ఇంట్లో అందరూ నీకెందుకా టెన్షన్ అంటున్నారు, ఇదీ ప్రశ్న.

అమ్మా, చివరిదానికి ముందు చెప్తాను. తప్పు కాదు, మీ హక్కు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 13వ సెక్షన్ సూటిగా ఇదే చెప్తుంది, ఆస్తి పెట్టుకోవడం, తన ఆర్థిక వ్యవహారాలు తనే చూసుకోవడం, బ్యాంకు లోన్ తీసుకోవడం అందరితో సమానంగా మీకూ ఉంటాయి. మీకు నీళ్లు ఎవరు పోయాలి, ఎన్నింటికి పోయాలి, తిప్పేటప్పుడు ఎక్కడ పట్టుకోవాలి, ఇవన్నీ మీ ఒంటికి తెలిసినంత ఇంకెవరికీ తెలియవు, కాబట్టి ఆ పని చేసే మనిషికి జీతం కూడా మీ చేతి మీదుగా వెళ్తేనే ఆ మనిషి మీ మాట వింటుంది. బ్రిటన్‌లో దీనికోసమే 1996లో చట్టం చేశారు, అక్కడి స్థానిక ప్రభుత్వం (కౌన్సిల్) తనే మనిషిని పంపే బదులు ఆ డబ్బే దివ్యాంగుల చేతికి ఇవ్వొచ్చు, వాళ్లే తమకి కావలసిన మనిషిని పెట్టుకుంటారు. స్వీడన్ 1994 నుంచే పర్సనల్ అసిస్టెన్స్‌కి, అంటే ఇలా తోడుండే మనిషి సాయానికి, చట్టం పెట్టి నడుపుతోంది. మన చట్టంలో 24వ సెక్షన్ కేర్‌గివర్ అలవెన్స్ మాట ఎత్తింది గానీ, మీ చేతికి నెలనెలా ఆయా బడ్జెట్ పెట్టే ఏర్పాటు మన దగ్గర లేదు, ఉన్నదల్లా మీ జీతం, మీ పరిహారం. అందుకే అవి మీ చేతుల్లో ఉండాలని ఇంత గట్టిగా చెప్తున్నా.

ఇక మీ ఉత్తరంలో నన్ను కూర్చోనివ్వనిది ఏంటంటే ప్లాటు కాదు, ఆ లోన్. పోయిన సంక్రాంతికి ఆయా పాలకొండ వెళ్లి ఇరవై రోజులు రాలేదు, ఏజెన్సీ వాళ్లు డబుల్ రేటుకి ఇద్దర్ని మార్చి మార్చి పంపారు, అదే నెలలో యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చి హాస్పిటల్లో చేరారు, అప్పుడు లోన్ యాప్‌లో 60,000 తీశారు, అది కట్టడానికి ఇంకో యాప్, అదీ ఇదీ కలిపి కట్టడానికి 24 శాతం వడ్డీకి 2,10,000 పర్సనల్ లోన్. యాప్ అప్పు తీర్చడానికి ఇంకో యాప్ ఏంటమ్మా, ఈ మాట ఎంతమందికి చెప్పానో నాకే లెక్క లేదు, మా ఆఫీసుకి వచ్చే ప్రతి మూడో కుటుంబంలో ఇదే కథ. ఇంకా బాధేంటంటే ఆ రోజు కూడా మీ పేరున 7 లక్షలు ఉన్నాయి! అన్నయ్య ఆఫీస్ పనిలో ఉండి ఓటీపీ చెప్పలేదని, అడగడానికి మొహమాటపడి, మీ డబ్బు అక్కడ మూడు శాతం వడ్డీకి పడుంటే మీరు ఇక్కడ 24 శాతానికి అప్పు తెచ్చారు.

ఇదే నేను అందరికీ చెప్పాలనుకున్న తప్పు, అందుకే వచ్చిన ఉత్తరాల్లో మీది తీశాను. ఇంట్లో దివ్యాంగులు ఉన్నవాళ్లు కేర్ బడ్జెట్ వేసేటప్పుడు మనిషి వచ్చే నెలకి వేస్తారు, మనిషి రాని నెలకి వేయరు. మామూలు ఇంట్లో పనిమనిషి రాకపోతే గిన్నెలు సింకులో ఉంటాయి, మీకు మనిషి రాకపోతే మీరు మంచం మీదే ఉంటారు, రెండో రోజుకి వీపు ఎర్రబడుతుంది, నాలుగో రోజుకి పుండు. ఆ పుండు మానడానికి నెలలు, దానికయ్యే డ్రెస్సింగ్ ఖర్చు ఒక ఆయా జీతం. ప్రస్తుతానికి మీ ఎమర్జెన్సీ ఫండ్ ఏంటో తెలుసా, మీ అమ్మగారి నడుము. ఆవిడ ఒక్క వారం జ్వరంతో పడుకుంటే మీ ఇంటి లెక్క మొత్తం కూలిపోతుంది.

నాకు ఇది పుస్తకాల్లో తెలిసింది కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా అమ్మ పక్షవాతంతో మంచంలో ఉంది, అక్కయ్యపాలెంలో ఉండేవాళ్లం, ఆయా పెందుర్తి నుంచి రావాలి. రోడ్ల నిండా చెట్లు, ఫోన్లు లేవు, ఏటీఎంలు లేవు. కరెంటు పోగానే ఎయిర్ బెడ్ పంపు ఆగి ఆ పరుపు చప్పబడిపోయింది. నా బ్యాంకు అకౌంట్లో డబ్బుంది, చేతిలో మాత్రం ఏమీ లేదు, ఆ రోజు దేవుడి గదిలో ఇత్తడి చెంబులో అమ్మ ఎప్పుడో దాచుకున్న మూడు వేల నాలుగొందలు దొరికాయి, వాటితోనే వెనక వీధిలో ఒకామెని రోజుకి మూడొందలకి బతిమాలి తెచ్చుకున్నాం. అయినా ఐదో రోజుకి అమ్మ తుంటి దగ్గర పుండు పడింది. అది జనవరి వరకు మానలేదు. అప్పటికే నేను పదేళ్లుగా జనానికి డబ్బు సలహాలు చెప్తున్నా, మా ఇంటికి మాత్రం ఆ ఫండ్ పెట్టలేదు.

అందుకని మీ 7 లక్షల్ని ఇలా చేయండి. ముందు లోన్ మిగిలిన 1,80,000 ఒకేసారి కట్టేయండి, గడువుకి ముందే తీర్చినందుకు వేసే ఫోర్‌క్లోజర్ చార్జీ ఎంతో ముందే రాతపూర్వకంగా అడగండి, రెండు మూడు శాతం వేసినా ఇంకా లాభమే, అప్పు తీరిపోయిందని రాసిచ్చే ఎన్ఓసీ తీసుకునేదాకా వదలొద్దు. ఆ యాప్‌లు ఫోన్లోంచి తీసేయండి, ఈ విషయంలో నేను బతిమాలుతున్నాననే అనుకోండి. తర్వాత 3 లక్షలు కేర్ ఫండ్, ఇది ఒక్క మీ పేరునే ఉండాలి, జాయింట్ కాదు. 20,000 ఇంట్లో నోట్ల రూపంలో, మీరు మంచం మీంచి చూడగలిగే చోట. 80,000 సేవింగ్స్‌లో. మిగతా 2 లక్షలు యాభై వేల చొప్పున నాలుగు ఎఫ్‌డీలు, ఒకటి విరిస్తే మిగతా మూడూ కదలకుండా ఉంటాయి. ఈ 3 లక్షలు ఎక్కడి లెక్కంటే, ఆయాలు సామాన్లు ఫిజియో ఇల్లు కలిపి కొత్త లెక్కలో నెలకి 41,500 అవుతుంది, ఆరు నెలలకి 2,49,000, దానిమీద ఒక నెల డబుల్ రేటుకి మనుషుల్ని తెచ్చుకోవడానికి యాభై వేలు. ఇంకా ఉన్న 2,20,000లో లక్ష హాస్పిటల్‌కి, మిగతాది ఇన్వర్టర్, ఎయిర్ బెడ్‌కి స్పేర్ పంపు, వీల్‌చైర్ రిపేర్లకి. ఈ మూడూ మీకు ఇన్వెస్ట్‌మెంట్లే, మ్యూచువల్ ఫండ్ గురించి రెండేళ్ల తర్వాత మాట్లాడుకుందాం.

నెలవారీ లెక్క ఇప్పుడు చూడండి. ఆదాయం 45,500. ఈఎంఐ పోయింది. నైట్ మనిషిని ఏడు రాత్రులకి కాకుండా ఐదు రాత్రులకి 10,000కి మాట్లాడండి, మిగతా రెండు రాత్రులు అమ్మ, నాన్నగారు కూడా ఒక చెయ్యి వేయాలి, స్టీల్‌ప్లాంట్‌లో అన్నేళ్లు నైట్ షిఫ్టులు చేసిన మనిషికి ఇది కొత్త కాదు. ఇంటికిచ్చే 8,000ని 5,000 చేయండి, మొహమాటం వద్దు, ఆ మూడు వేలు అమ్మ నిద్రకే పోతున్నాయి. అంతా పోను 4,000 మిగులుతుంది. అందులో 2,250 ముట్టుకోకుండా పక్కన పెట్టండి, ఎందుకంటే ఆయాకి ఏడాదికి పన్నెండు జీతాలు కాదు, పండగ జీతంతో పదమూడు, అది బడ్జెట్‌లో లేకపోతే సంక్రాంతికి మళ్లీ అప్పే. వారానికి ఒక రోజు సెలవు, జబ్బు చేస్తే జీతం కోయకపోవడం కూడా మాట్లాడుకోండి, మీరు ఇప్పుడు యజమాని. బ్రిటన్‌లో అలా డబ్బు తీసుకుని మనిషిని పెట్టుకునేవాళ్లు సెలవు జీతానికి, పనిచేసే మనిషికి దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్‌కి కూడా ఆ బడ్జెట్‌లోంచే తీస్తారు. మీరు కనీసం ఇద్దరు ఆయాల పేరునా ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా (ప్రమాద బీమా) కట్టించండి, మిమ్మల్ని ఎత్తి దించేది వాళ్లే కదా.

అన్నయ్య ప్లాటు గురించి ఒక్కటే. పరిహారం ఆర్డర్ కాపీలో అటెండెంట్ ఖర్చులని వేరే పద్దు (హెడ్) కింద 6 లక్షలు ఇచ్చారని మీరే రాశారు. 2020లో సుప్రీంకోర్టు కాజల్ అనే పాప కేసులో ఇద్దరు అటెండెంట్లకి నెలకి ఐదేసి వేల చొప్పున ఏడాదికి లెక్కకట్టి, దాన్ని వయసుని బట్టి తీసుకునే 18తో గుణించి, ఆ ఒక్క హెడ్ కిందే 21,60,000 ఇచ్చింది, అంటే మనిషి తోడు లేకుండా ఈ జీవితం గడవదని కోర్టే ఒప్పుకుని ఇచ్చే డబ్బు ఇది. దాన్ని భూమిలో పెడితే నెలాఖరుకి ఆయా జీతానికి గజం కోసి ఇవ్వలేం. అన్నయ్య మంచివారే అయ్యుండొచ్చు, కానీ ఆయన ఉద్యోగం పోయిన నెల ఆ 12,000 ఆగుతుంది, మీ రాత్రి ఆగదు. ఆయనకి నిజంగా ఇవ్వాలనుంటే ప్లాటు సంగతి లేకుండానే నెలకి రెండు మూడు వేలు మీ అకౌంట్‌కి వేయమనండి, సంతోషంగా తీసుకోండి.

బ్యాంకు పని భయపడేది కాదు. వేళ్లు పట్టక సంతకం మారిపోయిందనే కదా జాయింట్ చేశారు. సంతకం చేయలేనివాళ్లు వేలిముద్ర వేసి ఇద్దరు సాక్షులతో డబ్బు తీసుకోవచ్చని, ఆ సాక్షుల్లో ఒకరు బ్యాంకు మనిషే ఉండాలని రిజర్వ్ బ్యాంకు రూల్ ఉంది. దివ్యాంగులకి ఇంటికొచ్చి సేవలివ్వమని 2017లో కూడా చెప్పింది. మేనేజర్‌కి ఈ రెండూ చెప్పి కొత్త సింగిల్ అకౌంట్ తెరిపించండి, నామినీగా అన్నయ్యనే పెట్టుకోండి, ఆయనకీ మనసు కష్టం ఉండదు. ఫోన్ బ్యాంకింగ్ మీ ఫోన్లో, పిన్ మీకే.

హెల్త్ ఇన్సూరెన్స్ గురించి అడగలేదు గానీ చెప్పాలి, నిరామయ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా మీ కేసుకి రాదు, అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకి. దివ్యాంగులకి పాలసీ పెట్టాలని 2023 ఫిబ్రవరిలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆరోగ్య బీమా అమ్మే కంపెనీలన్నిటికీ చెప్పింది, అడగండి, వెయిటింగ్ పీరియడ్ ఎంతో చదివి తీసుకోండి, అదొచ్చేదాకా ఆ లక్ష కదపొద్దు. మీ జీతానికి టాక్స్ పడదు, కాబట్టి టాక్స్ ఆదా అని ఎవరైనా పాలసీ పట్టుకొస్తే పంపేయండి. ఇది చదివేవాళ్లలో ఉద్యోగం లేక వీల్‌చైర్‌కో మంచానికో పరిమితమైనవాళ్లు ఉంటే సచివాలయంలో పింఛను అడగండి, 2024 జూలై నుంచి పూర్తి వైకల్యానికి మన ఆంధ్రప్రదేశ్‌లో నెలకి 15,000, అది కూడా ఆ మనిషి చేతికే ఇవ్వండి, కొడుకు చేతికో మరిది చేతికో కాదు.

లోన్ కట్టేసి, ఫండ్ పెట్టుకున్న తర్వాత చేయాల్సిన పని ఒకటుంది. ఆయా ఈసారి పండక్కి ఏ రోజు వెళ్తుందో, ఏ రోజు వస్తుందో ఇప్పుడే అడిగి క్యాలెండర్ మీద గుర్తు పెట్టించండి. ఆ రోజులకి మీ చుట్టుపక్కల ఇద్దరు మనుషుల్ని నవంబర్‌లోనే మాట్లాడుకోండి, ఒకరోజు పిలిచి మిమ్మల్ని ఎలా తిప్పాలో, యూరిన్ బ్యాగ్ ఎలా మార్చాలో మీరే దగ్గరుండి నేర్పించండి, ఆ రోజుకి కూలి ఇవ్వండి. అడ్వాన్సు రెండు వేలు కొత్త అకౌంట్ నుంచి మీరే పంపండి.